రెంటి నాపు గోడ

అవతారిక

వాడపల్లిలో మా మేనమామ ఇంట్లో ఒక కంప్యూటరుంది. దసరా దసరాకీ దానికి పసుపుకుంకుమ బొట్లు పడతాయి. అప్‌డేట్లు మాత్రం ఎప్పుడో గానీ పడవు. మొన్న సంక్రాంతికి పోయినప్పుడు మామ కుర్చీ నా వైపు జరిపి, "అల్లుడా, దీనికి మంచి ఫైర్‌వాల్ ఏదో చూసి వెయ్యి. ఫ్రీదైనా పర్లేదు, గట్టిదై ఉండాలె" అన్నాడు. సిమెంటు ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్లు చేసిన మనిషి, గోడ అనగానే గట్టితనం అడగడం సహజం. నాకు తోచిన జవాబు ఒక ఆటవెలదిలో చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. అర్థం కాని పద్యానికి టీక రాయడం మనవాళ్ల ఆచారం కాబట్టి ఈ ప్రయత్నం. కవి ఎవరని అడగొద్దు. కవీ టీకాకారుడూ ఒకే కుర్చీలో కూర్చున్నారు.

మూలం

తలుపు లెన్నొ గలవు తలపునకందవు
వచ్చువాని నాపు వాడపల్లి
పోవువాని నాపు పొందుగలవతల
రెంటి నాపు గోడ యింటి కొకటి

ప్రతిపదార్థం

తలుపులు = పోర్టులనెడి ద్వారములు; ఎన్నొ = టీసీపీకి 65,535, యూడీపీకి మరల అన్నియే; కలవు = ఉన్నవి; తలపునకు = గృహస్థుని ఊహకు; అందవు = చిక్కవు; వచ్చువానిని = బయటినుండి పిలవకయే వచ్చువానిని; ఆపు = నిలుపును; వాడపల్లి = మూసీ వచ్చి కృష్ణలో కలియు చోట, తెలంగాణ వారి చెక్‌పోస్టు గల ఊరు; పోవువానిని = ఇటనుండి గడప దాటువానిని; ఆపు = నిలుపును; పొందుగల = వంతెన దిగగానే పల్నాటి గట్టున ఆంధ్ర వారి చెక్‌పోస్టు గల ఊరు; అవతల = ఆవలి ఒడ్డున; రెంటిని = రాకను, పోకను; ఆపు గోడ = ఫైర్‌వాలు; ఇంటికి = ఒక కంప్యూటరునకు; ఒకటి = ఒక్కటియే.

ఈ చివరి 'ఒకటి' దగ్గర ఆగాలి. గట్టితనం కోసం రెండు ఫైర్‌వాళ్లు ఒకేసారి నడిపేవారున్నారు. ఒకటి పోనిచ్చినదాన్ని రెండోది ఆపుతుంది, ఎవరు ఆపారో తెలియక ఇంటాయన రాత్రంతా కూర్చుంటాడు. పాదపూరణానికి వేసిన మాటలా కనిపిస్తుంది గానీ పద్యంలో పనికొచ్చే సలహా అదే.

సమాస విచారం

ఫైర్‌వాల్‌ను సంస్కృతంలో పెడితే అగ్నికుడ్యము. ఆ మాటకు విగ్రహవాక్యం ఏమిటి? అగ్నితో కట్టిన గోడ అని పిల్లలు తృతీయ చెబుతారు. తెర మీద ఎర్ర మంటలు కక్కే ఇటుకల బొమ్మ చూసి వాళ్లు అలా అనుకుంటారు. అది కాదు. అగ్ని వలన కాపాడు గోడ, పంచమి. ఒక ఇంటి మంట పక్కింటికి పాకకుండా మధ్యన లేపే గోడకు తాపీవాళ్ల లోకంలో ఉన్న పేరు ఇది, కంప్యూటర్లు తర్వాత తెచ్చుకున్నాయి. గడ్డివాము అంటుకున్నప్పుడు మధ్యలో నాపరాళ్ల గోడ ఉన్న ఇల్లు ఎందుకు మిగిలిందో మా మామకు తెలుసు. ఆయన ఒప్పుకున్నది ఈ ఒక్క అర్థాన్నే.

తాత్పర్యం

వడ్లు కోతకొచ్చే రోజుల్లో వాడపల్లి చెక్‌పోస్టు దగ్గర నిలబడితే ఫైర్‌వాల్ ఎలా పనిచేస్తుందో పుస్తకం లేకుండా తెలుస్తుంది. 2024 వానాకాలం నుంచి తెలంగాణ ప్రభుత్వం సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ పెట్టింది. అవతలి వడ్లు ఇవతలి కొనుగోలు కేంద్రానికి రావడానికి అంతకంటే కారణం అక్కర్లేదు. కాబట్టి లారీని ఆపుతారు. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ సరుకు, ఏ కాయితం? ఫైర్‌వాల్ అడిగేవీ ఈ నాలుగే: ఏ చిరునామా నుంచి, ఏ పోర్టుకు, ఏ ప్రోటోకాల్, ఏ ప్రోగ్రాము పేరున. బస్తా విప్పి గింజ నమిలి చూడడం ఇంటి ఫైర్‌వాల్ పని కాదు. అది యాంటీవైరస్ చేయాల్సిన పని, ఆ రెంటినీ ఒకటిగా అమ్మేవారి మాట నమ్మక్కర్లేదు.

ఇంకొక సూక్ష్మం. పొద్దున మిర్యాలగూడ మిల్లు నుంచి బియ్యం వేసుకుని వంతెన దాటిన లారీ సాయంత్రం ఖాళీగా తిరిగొస్తే పోస్టులో ఎవరూ పట్టించుకోరు. పోయిన బండే వచ్చిందని నెంబరు చూసి వదిలేస్తారు. ఫైర్‌వాల్ కూడా అంతే. మనం లోపలి నుంచి ఒక సైటును అడిగితే, దాని జవాబును అడిగిన గుర్తు చూసి పోనిస్తుంది. అడగకుండా వచ్చినదాన్నే ఆపుతుంది. లేకపోతే గేట్లన్నీ మూసిన కంప్యూటరులో ఈనాడు ఎలా తెరుచుకుంటుంది?

ఉపమానంలో లోపం కూడా టీకాకారుడే చెప్పాలి. వడ్లను ఇవతలివారు ఆపుతారు, మద్యం సీసాలను అవతలివారు వెతుకుతారు. రెండు గేట్లకూ ఇద్దరు యజమానులు. కంప్యూటరు విషయంలో ఆ వెసులుబాటు లేదు. మనింట్లోంచి పోయేదాన్ని అవతలి గట్టున ఎవరూ ఆపరు, సంతోషంగా దించుకుంటారు. అందుకే నాలుగో పాదం.

పూర్వపక్షం

"మన ఇంటికెవడొస్తడు అల్లుడా? ఇందులో ఏమున్నది, పహాణీలు, పెండ్లి ఫొటోలు."

సమాధానం. పురుగుకు ఇంటిపేరుతో పనిలేదు. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చినప్పుడే దానిలో గోడ ఉంది, కాకపోతే గేటు ఎత్తిపెట్టి ఇచ్చారు. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే పురుగు 135వ తలుపు తట్టుకుంటూ ఊళ్లకు ఊళ్లు తిరిగింది. ఎవరూ ఏ ఫైలూ తెరవక్కర్లేదు, ఏ లింకూ నొక్కక్కర్లేదు, నెట్‌కు కలిపి ఉంటే చాలు. సరిగ్గా ఏడాదికి, 2004 ఆగస్టులో, మైక్రోసాఫ్ట్ సర్వీస్ ప్యాక్ 2 పంపి గేటు దించింది. 2017 మేలో వాన్నాక్రై 445వ తలుపు దగ్గర అదే పని చేసింది. దానికి మందు మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్లు మిగిలారు. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని వాత పడ్డాయి. వాళ్లింటికి ఎవడొస్తాడని వాళ్లూ అనుకుని ఉంటారు.

రౌటరు ఉంది కదా, అదే ఒక గోడ కదా? నిజమే, బయటివాడికి అది చాలావరకు అడ్డం. కాని అదే వైఫైలో ఉన్న మనవడి ఫోనుకూ, పండక్కొచ్చిన చుట్టాల ల్యాప్‌టాపుకూ అది అడ్డం కాదు. వీధి గేటు వేరు, గది తలుపు వేరు.

పాఠాంతరం

నాలుగో పాదంలో 'గోడ' అన్నచోట కొన్ని ప్రతుల్లో 'గోల' అని ఉంది. ఛందస్సు చెడదు. అర్థం బాగుపడుతుందని కొందరంటారు, నేనూ వాళ్లలో ఒకణ్ణి.

2000 తర్వాత మిర్యాలగూడ నెట్ సెంటర్లకు పోయినవాళ్లకు జోన్ అలారం గుర్తుండాలి. అప్పట్లో ఇంటి ఫైర్‌వాల్ అంటే అదే. సైగేట్, కెరియో, అవుట్‌పోస్ట్ కూడా ఉండేవి. విండోస్ గోడ వచ్చేవాణ్ణి మాత్రమే ఆపితే ఇవి పోయేవాణ్ణి కూడా ఆపి అడిగేవి. ఘనత అదే, గోల కూడా అదే. కుడివైపు మూల నుంచి ఒక పెట్టె పైకి లేస్తుంది: ఫలానా ఎస్‌వీసీహోస్ట్ ఇంటర్నెట్‌కు పోవాలంటోంది, పోనివ్వనా? ఎవరీ ఎస్‌వీసీహోస్ట్? ఒకే ఇంటిపేరు పెట్టుకుని విండోస్ సేవలు ఓ పదీ ఇరవై తిరుగుతుంటాయి, వాటి ఉమ్మడి ముసుగు అది. అనుమానించి వద్దన్నవాడికి నెట్ మొత్తం పోయేది, ఎందుకంటే సైట్ల పేర్లు వెతికిపెట్టే సేవ కూడా ఆ ముసుగులోనే ఉంది. ఒకసారి దెబ్బతిన్నాక చెయ్యి నేర్చుకుంటుంది. పెట్టె లేవడమే ఆలస్యం, చదవకుండా అనుమతించు. తర్వాత లేచే పెట్టెలో నిజంగా దొంగ పేరే ఉన్నా చెయ్యి అక్కడికే పోతుంది.

మద్యం దొరికినా దొరక్కపోయినా ప్రతి సంచీ విప్పించే పోస్టులో క్యూ కిలోమీటరు పెరిగితే ఏం జరుగుతుందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. గేటు కర్ర లేస్తుంది, అన్నీ పోతాయి.

జోన్ అలారాన్ని చేసిన జోన్ ల్యాబ్స్‌ను 2004లో కొనుక్కున్న ఇజ్రాయెల్ కంపెనీ పేరు చెక్ పాయింట్. మా వాడపల్లి ఉపమానం లాగి తెచ్చింది అనేవారికి ఇది నా జవాబు. సైగేట్‌ను 2005లో సిమాంటెక్ కొని ఆపేసింది. అవుట్‌పోస్ట్ చేసిన అగ్నిటమ్ 2015లో యాండెక్స్ పాలైంది. ఈలోగా 2007లో విస్టాతో విండోస్ గోడకే పోయేవాణ్ణి ఆపే శక్తి వచ్చింది, అయితే మనం నియమం రాస్తే తప్ప వాడదు. అలవాటుగా వచ్చేదాన్ని ఆపుతుంది, పోయేదాన్ని పోనిస్తుంది. గోల లేదు.

విశేషం

వాడపల్లి నరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపాలు చూపిస్తారు. కాళ్ల దగ్గరి దీపం కదలదు, ముఖం ఎత్తున ఉన్నది ఎప్పుడూ అల్లాడుతూనే ఉంటుంది. స్వామి ఊపిరి అంటారు. మామ ఇంటి రౌటరు మీద కూడా ఒక ఆకుపచ్చ దీపం అర్ధరాత్రి ఎవరూ వాడనప్పుడు మిణుకుమిణుకుమంటుంది. "ఇదెవరి ఊపిరి?" అని ఆయన అడిగిన ప్రశ్న మొత్తం ఫైర్‌వాల్ శాస్త్రంలో అసలు ప్రశ్న. అది తెలుసుకోవాలనే కోరిక ఉన్నవాళ్లు గ్లాస్‌వైర్ లాంటిది పెట్టుకుని ఏ ప్రోగ్రాము ఎక్కడికి పోతోందో గీతల్లో చూడొచ్చు. నేను ఒక రాత్రి చూశాను. విండోస్ అప్‌డేట్ సగం, ఫొటోలు మేఘంలోకి ఎక్కించేది సగం. స్వామీ కాదు, దొంగా కాదు.

ఇక గోడ ఆపలేని పుట్టి సంగతి. లాక్‌డౌన్‌లో వంతెన మీద గేటు ఎంత బిగించినా కింద కృష్ణ ఉండనే ఉంది. రేవు దాటే పుట్టికి గేటుతో పనేముంది? పెన్‌డ్రైవ్ ఆ పుట్టి. అంతకంటే ఘోరం, ఇంటాయనే దొంగ చెయ్యి పట్టుకుని లోపలికి తేవడం. బ్యాంకు నుంచి ఫోన్ అని చెప్పి, దూరం నుంచి మన కంప్యూటరు నడిపే ఎనీడెస్క్ వేయించుకునేవాడు ఏ గోడా దూకడు. లోపలి నుంచి మనమే కలుపుతాం, గోడ దాన్ని మనం అడిగిన పనిగానే చూస్తుంది. 2019 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు ఎనీడెస్క్ పేరెత్తి మరీ బ్యాంకులను హెచ్చరించింది. డబ్బు పోయాక సైబర్ మోసాల నెంబరు 1930కి ఫోను, అంతే.

ప్రయోగం

మామ కంప్యూటరులో కొత్తదేదీ వేయలేదు. ఉన్న గోడ ఆన్‌లో ఉందో లేదో చూశాను, ఉంది. డబ్ల్యూఎఫ్ చుక్క ఎంఎస్‌సీ అని కొట్టి లోపలికొచ్చేవాటి జాబితా తెరిచాను. పాత అనుమతులన్నీ అక్కడ అట్టే పడి ఉన్నాయి. ఎప్పుడో తీసేసిన క్రికెట్ ఆట, టోరెంటు ఒకటి, పేరే తెలియనివి నాలుగు. అనుమతించు అని ఒక్కసారి నొక్కితే నియమం రాసుకుంటుంది, ఎవరో చెరిపేదాకా చెరిగిపోదు. వద్దు అని మూసినా రాసుకుంటుంది, ఆ సంగతి చాలామందికి తెలియదు. అన్నీ తుడిచి, ఇంటి వైఫైని పబ్లిక్ కింద పెట్టాను. గోడ అంత బిగువుగా ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. (ఉబుంటువారికి ఒక మాట: మీ యూఎఫ్‌డబ్ల్యూ పేరులోనే చిక్కులేనిదని చెప్పుకుంటుంది గానీ మీరు లేపేదాకా నిద్రపోతుంది.)

మర్నాడు పొద్దున్నే ఫోన్.

"అల్లుడా, పాసుపుస్తకం స్కాన్ చేద్దామంటే ప్రింటరు కంప్యూటర్ దొరుకతలేదంటుంది. నిన్నటిదాకా దొరికింది."

తుడిచేసిన పేరు తెలియని నాలుగింట్లో ఒకటి ప్రింటరుది. స్కాన్ చేసిన కాయితాన్ని అది కంప్యూటరుకు తనే తెచ్చి ఇస్తుంది, అంటే వచ్చువాడు. పద్యం ప్రకారం ఆగిపోయాడు. వైఫైని మళ్లీ ప్రైవేటుకు మార్పించి, లేచిన పెట్టెలో పేరు ఫోన్‌లోనే అక్షరం అక్షరం చదివించి, అనుమతించు అని నొక్కించాను. ఇంట్లో మనిషిలా తిరిగే వచ్చువాడి మాట పద్యంలో లేకపోవడం కవి దోషం. ఆటవెలదికి ఐదో పాదం ఉండదు.