పట్టపగలే చుక్కలు

సర్కారు బళ్ళకు స్టార్లు ఇస్తారట. హోటళ్ళకి ఇచ్చినట్టే. ఏ బడికి ఎన్ని వచ్చాయో చూసుకుని ఏది మంచిదో మనమే తేల్చుకోవచ్చట. ఈ మాట విన్న దగ్గర్నుంచి నాకు కాలు నిలవలేదు. ఎవరో వచ్చి లెక్కపెట్టేదాకా ఆగడమెందుకని ఒక తెల్లకాగితం, పెన్సిలు పట్టుకుని మా మండలంలో బళ్ళ మీద పడ్డాను.

మొదటిది మా పేట బడి. అక్కడ చుక్కలకి కరువే లేదు. రెండో గది పైకప్పు పెచ్చులూడి, చువ్వలు బయటపడి, వాటి మధ్య అరచెయ్యంత కంత పడింది. రాత్రిపూట వెల్లకిలా పడుకుంటే సరిగ్గా ఐదు చుక్కలు కనిపిస్తాయని ఆ వరండాలో మేకలు తోలుకునే ముసలాయన సాక్ష్యం. ఫైవ్ స్టార్ రాసేశాను. రోడ్డవతల హైస్కూలుకి కొత్త టైల్సు, కొత్త రంగులు, గట్టి స్లాబు. ఎంత మెడ సాచినా ఒక్క చుక్కా కనపడలేదు. సున్నా. ఏం చేస్తాం, లెక్క లెక్కే.

చెరువు గట్టు మీది బడిలో ధ్రువ నక్షత్రమే ఉంది. ఒకే ఒక్క మాస్టారు. అయిదు తరగతులూ ఆయన చుట్టూ తిరుగుతాయి, ఆయన మాత్రం కదలకూడదు. కదిలితే బడి మూత. నల్లబల్లని సుద్దముక్కతో అయిదు పాళ్ళు చేశారు. ఈ చివర ఒకటో తరగతికి అ ఆలు, ఆ చివర అయిదో తరగతికి భిన్నాలు. మూడుంబావు గురించి చెబుతూండగా ఒకటో తరగతి బుడతడు చిక్కీ కాగితం నోటితో చింపుకుంటున్నాడు. రెండో తరగతిలో ఇద్దరు జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. మాస్టారు భిన్నం ఆపకుండానే ఎడమచేత్తో వాళ్ళని విడదీశారు. అలవాటు.

“ఏం మాస్టారూ, రెండో పోస్టు ఏమైంది?” అన్నాను.

“కాగితంలో ఉందండీ.”

అర్థమైంది. అది అరుంధతి. పెళ్ళిలో పురోహితుడు ఆకాశంకేసి వేలు చూపిస్తే కొత్త దంపతులు కళ్ళు చికిలించి “ఆఁ, కనిపించింది” అనాలి. కనపడలేదంటే పెళ్ళి ముందుకి సాగదు. కాగితం కూడా అంతే.

ఈలోగా నక్షత్రకుడు రానే వచ్చాడు. హరిశ్చంద్రుడి వెంట అప్పుకోసం పడ్డవాడు ఒక్కడే. మాస్టారి వెంట పడ్డవాడు సెల్‌ఫోనులో ఉంటాడు. పొద్దున్నే మాస్టారు తన ముఖం చూపించాలి. తర్వాత పిల్లల హాజరు, ఆ తర్వాత గుడ్లెన్ని, చిక్కీలెన్ని, రాగిజావ ఎంతమంది తాగారు. సిగ్నలు కోసం చింతచెట్టు కిందికి పరుగు. ఇవి అందాయో లేదో అడగడానికి మండలానికి ఇద్దరు ఎంఈవోలు, ఒకటీ రెండూ అని అంకెలు వేసి మరీ. పాపం హరిశ్చంద్రుడికి కాటికాపరి పనైనా ప్రశాంతంగా దొరికింది.

అవతలి ఊరి బడిది ఉల్కల కథ. 2022లో ఒక జీవో ఇచ్చి మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని ఊడబెరికి హైస్కూల్లో కలిపారు. ఆ జీవోని రద్దు చేశాక తరగతులు వెనక్కి వచ్చాయిగానీ పిల్లలు రాలేదు. రాలిపడ్డవాళ్ళు తిన్నగా కాన్వెంటు బస్సులో పడ్డారు. ఆ ఖాళీ బెంచీలకి ఎన్ని స్టార్లు వెయ్యాలో తోచక నా పెన్సిలు అక్కడే ఆగిపోయింది.

అసలు స్టార్లదాకా ఎందుకు, మన రాష్ట్రానికి ఒక ర్యాంకు ఇదివరకే వచ్చేసింది. కేంద్రం వారి 2024-25 యూడైస్ ప్లస్ లెక్కల్లో ఒక్క టీచరుతో నడిచే బళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 12,912. దేశం మొత్తంలో మనమే ఫస్టు. ఏ మంత్రీ ఫ్లెక్సీ కట్టుకోలేదు. ప్రాథమిక పాఠశాలలో అరవైమంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లుండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే రాసి ఉంది. ఆ రెండో మనిషిని ఇవ్వనివాళ్ళా బడికి మార్కులు వేసేది? కాలవకి నీళ్ళు వదలకుండా ఎవరి చేను పచ్చగా ఉందో పోటీ పెడతారా? పిల్లలు తగ్గారు కాబట్టి ఒక్క టీచరు చాలంటారు. ఒక్క టీచరే కాబట్టి ఉన్న పిల్లలూ టీసీలు పట్టుకుపోతారు. ఇప్పుడు దానికి తోడు గేటు మీద రెండు స్టార్ల బొమ్మ కూడా అంటిస్తే, అది చూశాక ఏ తల్లి తన బిడ్డని అక్కడ వదుల్తుంది? తాళం మీరు వేస్తూ నేరం మాస్టారి మీదికి నెడతారా? మీ పిల్లల్లో ఒక్కడంటే ఒక్కడు ఆ అయిదు పాళ్ళ బల్ల ముందు కూర్చుని ఉంటే ఈ ముక్క నోట వచ్చేదా?

మొన్న మళ్ళీ చెరువు గట్టుకి వెళ్ళాను. గేటుకి తాళం. ఊచల మధ్య ఒక అట్టముక్క, దాని మీద సుద్దతో అయిదో తరగతి కుర్రాడి దస్తూరీ: “మాస్టారు స్టార్ల మిటింగుకి వెళ్ళారు. ఈ రోజు బడి లేదు.”

“మి”కి దీర్ఘం పెట్టలేదు. దిద్దే ఆయన మీటింగులో ఉన్నారు.