సరంజామా బావగారు

ఎడిసన్‌లో మనవాళ్లుండే ఏ వీధికి వెళ్లినా ఒక సరంజామా బావగారు తగులుతారు. అసలు పేరేమిటో చాలామందికి తెలీదు. మేకు కొట్టాలంటే ఆయన దగ్గర సుత్తి ఉంటుందని మాత్రం అందరికీ తెలుసు. ఒకటా రెండా, ఆరు రకాలు. మేకు మాత్రం మనమే కొట్టుకోవాలి. ఆయన పక్కన నిలబడి సుత్తి గొప్పతనం చెబుతారు.

రెండేళ్లుగా బావగారు బేస్‌మెంట్‌లో హోమ్ థియేటర్ కడుతున్నారు. కడుతున్నారంటే, టౌన్‌షిప్ పర్మిట్ వచ్చింది, సోఫా ఎక్కడ పడుతుందో గచ్చు మీద సుద్దముక్కతో గీత గీశారు. ఇక చెక్క కొయ్యాలి. కొయ్యాలంటే చెక్కని దేనిమీదైనా పెట్టాలి కదా, పని అక్కడ ఆగింది.

దానికి సాహార్సులని దొరుకుతాయి. నాలుగేసి కాళ్లు, పైన ఒక అడ్డపట్టీ. రెంటిని ఎదురెదురుగా నిలిపి పైన ప్లైవుడ్ పరిస్తే కోతబల్ల. పనయ్యాక మడిచి గోడకి ఆనించెయ్యొచ్చు. మామూలు మనిషి ప్లాస్టిక్ జత ఒకటి తెచ్చుకుని సాయంత్రానికి రంపం పడతాడు. బావగారు మామూలు మనిషా? ఆయనకి కావలసింది జాబ్‌సైట్ గ్రేడు. అంటే మూడంతస్తుల బిల్డింగు కట్టే చోట, బురదలో, లారీ మీంచి విసిరేసినా నిలిచేవి. కార్పెట్ వేసే గదికి అవెందుకని అడిగితే, "కొనేది ఒక్కసారేనోయ్" అంటారు. ఆ మాట ఆరు సుత్తుల విషయంలోనూ అన్నారు.

శనివారం ఇడ్లీలవగానే హోమ్ డిపోకి బయల్దేరతారు. అక్కయ్యగారు ఈ యాత్రలు మానుకుని చాలాకాలమైంది గనక తోడు నాలాంటివాడే. దుకాణంలో ఆయన పరీక్ష చూసి తీరాలి. సాహార్సు కాళ్లు విప్పి, నేలమీద నిలిపి, ముందు పైనుంచి రెండు చేతులతో అదుముతారు. "పైనుంచి బరువు ఎవడైనా మోస్తాడు. పక్కనుంచి తోస్తే ఆగాలి!" అంటూ మోకాలితో ఒక్క తోపు. ప్లాస్టిక్‌ది గజగజలాడుతుంది. నడవలో నలుగురూ తిరిగి చూస్తారు. నేను పెయింటు డబ్బాల వైపు తిరుగుతాను.

చెప్పొద్దూ, ఆయన మాటలో నిజముంది. రంపం నడిచేటప్పుడు తోపు ముందుకీ పక్కకీ పోతుంది. కాళ్లు చాలినంత ఎడంగా విచ్చుకోకపోయినా, మడత దగ్గర లాక్ గట్టిగా పడకపోయినా, వెయ్యి పౌండ్లు మోస్తానని పెట్టె మీద రాసుకున్నదే చిన్న పలక కింద ఒరిగిపోతుంది. పైగా ఆ అంకె జతకా, ఒక్కదానికా? చిన్నక్షరాల్లో ఉంటుంది. ఈ ఒక్క ప్రశ్న మీద ఆరెంజ్ ఏప్రన్ కట్టుకున్న పెద్దాయన్ని బావగారు ఎంతసేపు నిలబెట్టారంటే, ఆయన తన మనవళ్ల కబుర్లు కూడా చెప్పేశాడు.

చివరికి మనసు టఫ్‌బిల్ట్ వాళ్ల సి700 మీద పడింది. ఇనపది, ఒక్కోటీ 1300 పౌండ్లు. ఫోన్ తీసి లెక్క కట్టారు. జతకి 2600, అంటే దాదాపు 1180 కిలోలు. "మన 75 కిలోల బస్తాలు పదిహేను పడతాయోయ్!" గొంతు వణికింది. ముప్పావు అంగుళం ప్లైవుడ్ షీటు నిండా తూగితే 70 పౌండ్లు. ధాన్యం ఎప్పుడు దింపుతున్నారని అడగబోయి ఊరుకున్నాను.

కొన్నాక కొత్త బెంగ. రంపం ఇనప పట్టీకి తగిలితే పళ్లు పోవూ? దానికీ ఉపాయముంది: పక్కనున్న కొక్కేల్లో టూ బై ఫోర్ చెక్కలు పెట్టుకుంటే కోత వాటిమీద పడుతుంది, అరిగాక మార్చుకోవచ్చు. చెక్కలు తెచ్చి టేపు పెట్టారు. ఒకటిన్నర అంగుళాలు, మూడున్నర అంగుళాలు! ఆరబెట్టి చిత్రిక పట్టక ముందు కొలతలతో ఆ పేరు పెట్టారని ఎంత చెప్పినా వినరే. "అదే మా ఊరి అడితిలో ఇలా కొలిచి ఇస్తే ఊరుకుంటామా?" అని ఒకటే గోల.

ఊరి మాటొస్తే వాళ్ల ఆచారిగారి ప్రస్తావన తప్పదు. ఆయన నేలమీద గొంతుక్కూచుని, చెక్కని కాలితో అదిమిపట్టి, బాడిసతో చెక్కేవారట. "అందుకే మనవాళ్లకి నడుములు పోయేవి" అని తీర్పు. ఆచారిగారు ఎనభై దాటినా నిటారుగా నడిచారని అక్కయ్యగారు వంటింట్లోంచి గుర్తుచేస్తారు. నడుముకి బెల్టు పెట్టుకునేది బావగారే. అది ఆఫీసు కుర్చీ పుణ్యం.

ఆ తర్వాత రసమట్టం పెట్టి, కాళ్లు ఒక్కో మెట్టూ జరిపి, గచ్చు వాలుని సరిచేసి, నిలిపి, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. మర్నాడు మడిచి గుడ్డ కప్పారు.

థియేటర్ చివరికి కాంట్రాక్టుకే పోయింది. వచ్చిన మేస్త్రీలు ముక్కచెక్కలు నాలుగు ఏరి, స్క్రూలు బిగించి, కాఫీ చల్లారేలోపు రెండు సాహార్సులు చేసుకున్నారు. మావి వాడుకోండి అంటే, ఇంత కొత్తవి పాడవుతాయి సార్ అన్నారు. పనైపోయాక తమవి అక్కడే వదిలి వెళ్లారు. ఎంత బరువు మోస్తాయో ఎక్కడా రాసి లేదని బావగారు వాటిని చెత్తబండి వచ్చే ముందురోజు రాత్రి వాకిట్లో పెట్టారు. తెల్లారేసరికి పక్కింటాయన పట్టుకుపోయాడు. ఈపాటికి వాళ్ల డెక్ కూడా అయిపోయింది.

సి700 జతకి ఉగాదికి గాని పని తగల్లేదు. నలభైమంది భోజనాలు, బల్లలు చాల్లేదు. సాహార్సుల మీద ప్లైవుడ్, దానిమీద దుప్పటి, పైన అల్యూమినియం ట్రేలు. బావగారు వడ్డన వదిలేసి కాపలాకి నిలబడ్డారు. "ఆనుకోండి, ఫర్లేదు, 2600 పౌండ్లు!" అని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నారు. అంతలో ఎవరో పులిహోర ట్రేని నట్టనడుమ పెట్టారు. బావగారు పరిగెత్తుకొచ్చారు. కంపెనీవాళ్లు చెప్పే బరువు సమంగా పరిచిన బరువట, ఒక్కచోట మోపింది కాదట. ట్రేలన్నీ మళ్లీ సర్దడం మొదలైంది.

"ఏమండీ, సాంబారూ పాయసమూ పక్కపక్కనేమిటండీ?" అన్నారు అక్కయ్యగారు.

"లెక్క అలా వచ్చింది" అన్నారు బావగారు.