బార్డర్ బాబు

ప్రతి ఇంజినీరింగ్ కాలేజీలో, ప్రతి సెక్షన్‌లో ఒక బార్డర్ బాబు ఉంటాడు. ఫస్ట్ ర్యాంకు వాణ్ని గుర్తుపట్టడానికి మాకు ఒక సెమిస్టర్ పడుతుంది గానీ, ఇతన్ని మొదటి నెలలోనే పోల్చుకుంటాం. అందరూ బోర్డు చూసి రాసుకుంటుంటే ఇతను నోట్‌బుక్ చివరి పేజీలో దీక్షగా లెక్కలు కడుతుంటాడు. మురిసిపోయి దగ్గరికెళ్లి చూస్తే అది నేను చెబుతున్న లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ కాదు. ‘27/40 = 67.5’ అని వేసి, దాని కింద ‘+12’ అని రాసి రెండు గీతలు కొట్టి ఉంటుంది.

అంటే ఇప్పటికి నలభై పీరియడ్లు జరిగాయి, తను ఇరవై ఏడింటికి వచ్చాడు. ఇక వరసపెట్టి పన్నెండింటికి వస్తే యాభై రెండింటిలో ముప్పై తొమ్మిది. సరిగ్గా 75 శాతం. పదమూడో పీరియడ్‌కు రమ్మని బతిమాలినా రాడు. నా సబ్జెక్టులో సప్లీ మీద సప్లీ రాస్తున్నవాడు ఈ లెక్క మాత్రం నోటితో చెప్పేస్తాడు: “ఒక్కటి ఎగ్గొడితే మూడు కూర్చోవాలి సార్.” లెక్కల మాస్టారుగా ఒప్పుకోక తప్పదు, అందులో అణువంత తప్పు లేదు.

ఈ 75 మీద అతనికంత భక్తి ఎందుకంటే, అతని మీద కూర్చున్న దేవతలు ఇద్దరు. ఒకరు యూనివర్సిటీ, ఇంకొకరు ప్రభుత్వం. అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం హాజరు లేకపోతే యూనివర్సిటీ పరీక్ష రాయనివ్వదు. అదే 75 లేకపోతే ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇవ్వదు. పరీక్ష పోతే మళ్లీ చదువుకోవచ్చు, ఫీజు పోతే ఊళ్లో నాన్న ఉన్నాడు. ఈ రెండో సంగతి తలుచుకున్నప్పుడే బాబు పరుగున వచ్చి, మొదటి పీరియడ్ సగమైపోయాక తలుపు దగ్గర నిలబడి “మే ఐ కమిన్ సార్” అంటాడు.

సర్కారు చేసే ఈ ఫీజు సాయం ఇవాళ్టిది కాదు. షెడ్యూల్డ్ కులాల పిల్లలకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో, తెల్లవాళ్ల ఏలుబడిలోనే మొదలైంది. ఉమ్మడి రాష్ట్రంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2008 ప్రాంతంలో దాన్ని పూర్తి ఫీజుల దాకా, బీసీలకూ అగ్రవర్ణ పేదలకూ విస్తరించాక, హైదరాబాద్ చుట్టూ మా ఇబ్రహీంపట్నం, ఘట్‌కేసర్, మేడ్చల్ దారుల వెంట పొలాల్లో కాలేజీలు మొలిచాయి. బాబు లాంటి వాళ్ల ఇళ్లలో ఇంజినీరింగ్ అనే మాట వినపడిందీ అప్పుడే. తెలంగాణలో బీసీ, ఈబీసీ పిల్లలకు ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకు 10,000 లోపైతే ఫీజంతా సర్కారుదే. దాటితే ఏడాదికి 35,000, మిగతాది ఇంటివాళ్లది. మన బాబు ర్యాంకు ఎంతని అడక్కండి. అతను బార్డర్‌కు అవతల నిలబడ్డది జీవితంలో ఆ ఒక్కసారే.

అకడమిక్ రెగ్యులేషన్స్ అని యూనివర్సిటీ వేసే పుస్తకం ఒకటుంది. దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివిన మనిషి మా కాలేజీలో బాబు ఒక్కడే. ప్రిన్సిపాల్ గారికి సందేహం వస్తే హెచ్‌ఓడీని పిలుస్తారు, హెచ్‌ఓడీ నన్ను పిలుస్తారు, నేను బాబుకు కబురు పెడతాను. మొదటి ఏడాది నుంచి రెండో ఏడాదికి పోవడానికి సగం క్రెడిట్లు చాలు, ఆ పైన మెట్టు ఎక్కాలంటే 60 శాతం కావాలి, బయటి పరీక్షలో 35 శాతం, ఇంటర్నల్స్‌తో కలిపి 40 వస్తే సబ్జెక్టు గట్టెక్కినట్టే. ఇదంతా అతను పేజీ నంబరుతో సహా చెబుతాడు. ఏ సబ్జెక్టు వదిలేసినా పరవాలేదో, దేన్ని వదిలితే కొంప మునుగుతుందో క్రెడిట్లను బట్టి తేల్చిపెడతాడు. పరీక్షల ముందు హాస్టల్లో అతని గది ముందు జనం ఉంటారు. “మామా, ఎం-3 వదిలేసి డీఎస్ పట్టుకుంటే ప్రమోట్ అయితానా?” అని జూనియర్లు అడుగుతారు. బాబు కళ్లు మూసుకుని ఒక క్షణం ఆగి, “అయితవ్ గానీ ఒక ల్యాబ్ ఫెయిలైతే పోతవ్” అంటాడు. ఇంతవరకూ అతని జోస్యం తప్పలేదు.

హాజరు అన్ని సబ్జెక్టులకూ కలిపి చూస్తారు గనక, బాబు ఏ పీరియడ్‌కు వస్తాడన్నది చదువును బట్టి ఉండదు, గిట్టుబాటును బట్టి ఉంటుంది. ల్యాబ్‌కు తప్పనిసరిగా వస్తాడు. ఒక్కసారి తల చూపిస్తే మూడు గంటల హాజరు. లైబ్రరీ పీరియడ్, స్పోర్ట్స్ పీరియడ్ ప్రాణంపోయినా వదలడు. లైబ్రరీలో అతను కూర్చునే కుర్చీ పక్కన ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునే ప్లగ్ ఉందని లైబ్రేరియన్ గారు చెప్పారు. చేరిన ఏడాదిలో తీసుకున్న పుస్తకం ఇప్పటికీ తిరిగివ్వలేదట. దాన్ని నో డ్యూస్ నాడు చూసుకుంటాడు.

ప్రాక్సీ సంగతి అడుగుతారేమో. బాబు ప్రాక్సీ చెప్పించుకోడు. అది చిల్లరవాళ్ల పని అని అతని ఉద్దేశం. వెనక బెంచీ నుంచి ఒకడు గొంతు మార్చి రెండు రోల్ నంబర్లకు “ప్రెజెంట్ సార్” అనడం, పట్టుబడితే ఇద్దరికీ ఆబ్సెంట్ పడడం, ఈ రిస్కు అతనికి నచ్చదు. చట్టం లోపలే ఉంటాడు. చట్టానికి గోడ ఎక్కడుందో, కిటికీ ఎక్కడుందో తెలిసినవాడు దొంగతనంగా ఎందుకు దూరతాడు?

బార్డర్ బాబులేనా, బార్డర్ పాపలు లేరా అంటే, ఉన్నారు. కానీ వాళ్లు ముందు బెంచీలో కూర్చుంటారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

బాబు కళంతా చూడాలంటే కండోనేషన్ రోజుల్లో రావాలి. 75కు తగ్గి 65కు పైన ఉన్నవాళ్లకు, అనారోగ్యం అని డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చి రుసుము కడితే, యూనివర్సిటీ ఆ లోటును మన్నిస్తుంది. 65 కిందికి దిగితే డిటెండ్, ఏ దేవుడూ కాపాడడు. కనక సెమిస్టర్ చివర మా కాలేజీలో ఏటా టైఫాయిడ్ ప్రబలుతుంది. జలుబు, విరేచనాలు ఎవరికీ రావు. వాటితో రెండు రోజులే కలిసొస్తాయి. టైఫాయిడ్ అయితే మూడు వారాలు. అదీ ఒకే డాక్టరు చేతిరాతలో, ఒకే రంగు సిరాతో, ఒకే సెక్షన్‌కు.

ఒకసారి హెచ్‌ఓడీ గదిలో నేనున్నాను. ఆయన సర్టిఫికెట్ తిరగేసి చూసి, “ఏమయ్యా, ఈ తారీఖుల మధ్యలోనే గదా కాలేజీ ఫెస్ట్ జరిగింది?” అన్నారు.

“అవును సార్.”

“ఆ రోజు స్టేజి మీద డ్యాన్స్ చేసింది నువ్వే గదా?”

“నేనే సార్.”

“మరి టైఫాయిడ్?”

“డ్యాన్స్ చేసినందుకే తిరగబెట్టింది సార్,” అన్నాడు బాబు తల దించుకుని. రెండో పేజీ తిప్పి చూపించాడు. రిలాప్స్ అని విడిగా ఇంకో సర్టిఫికెట్. దాని మీద తారీఖు ఫెస్ట్ మర్నాటిది. హెచ్‌ఓడీ కళ్లజోడు తీసి తుడుచుకుని సంతకం పెట్టేశారు. ఆ ముందుచూపులో పదో వంతు పాఠం మీద పెడితే ఇతనికి గోల్డ్ మెడల్ వచ్చేది అని నాకు అనిపించింది. అదే మాట అంటే, “గోల్డ్ మెడల్‌కు రీయింబర్స్‌మెంట్ ఎక్కువ వస్తదా సార్?” అని అడిగాడు. రాదు. 76 శాతం వచ్చినవాడికీ 99 శాతం వచ్చినవాడికీ అదే 35,000. మరి ఎవడైనా 76 దగ్గర ఎందుకు ఆగడు? మేం హాజరు పట్టీలో కొలిచేది కుర్చీలో మనిషి ఉన్నాడా లేదా అన్నది. ఆ సంగతి మాకంటే ముందు అతను కనిపెట్టాడు. సర్కారు కూర్చోమంది, కూర్చున్నాడు.

బాబు వాళ్ల నాన్న అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. సూర్యాపేట దగ్గర పల్లె. “సారూ, మా పోరడు మంచిగ వస్తుండా కాలేజీకి?” అంటాడు. “వస్తున్నాడండీ” అంటాను. “ఎట్ల చదువుతుండు?” అంటే కాసేపు ఆగి, “హాజరు బాగుందండీ” అంటాను. ఆ మాటకే ఆయన గొంతులో ఏదో తేలికపడుతుంది. ఆదాయం సర్టిఫికెట్ కోసం ఆయన మీసేవకూ తహసీల్దారు ఆఫీసుకూ తిరిగిన తిరుగుడు నాకు తెలుసు. పల్లెలో ఏడాదికి లక్షన్నర లోపు, పట్నంలో రెండు లక్షల లోపు ఉంటేనే బీసీ పిల్లలకు ఇది. రెండంతస్తుల ఇల్లూ కారూ ఉండి కూడా ఆ లోపే సంపాదించే నేర్పరులు కొందరు ఉన్నారనుకోండి, ఈ ఇంట్లో మాత్రం నిజంగానే అంత రాదు. అందుకే బాబును చూసి నవ్వు వస్తుంది గానీ కోపం రాదు.

ఇక రెండో దేవత, ప్రభుత్వం సంగతి. బాబు తన 75 శాతం తను తెచ్చుకున్నాడు, టైఫాయిడ్‌తో సహా. స్కాలర్‌షిప్పుల వెబ్‌సైట్ ఈపాస్‌లో రెన్యువల్ పెట్టాడు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు జిరాక్సు, బోనఫైడ్ పట్టుకుని స్కాలర్‌షిప్ సెక్షన్ కిటికీ దగ్గర నిలబడ్డాడు, మీసేవలో వేలిముద్ర వేశాడు. స్టేటస్‌లో ‘శాంక్షన్డ్’ అని వచ్చింది. డబ్బు రాలేదు. ఆ ఏడాదిదీ రాలేదు, అంతకు ముందుదీ పూర్తిగా రాలేదు. బకాయిలు వేల కోట్లకు చేరి, చివరికి 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు కలిసి బంద్ పెట్టాయి. జీతాలు ఆలస్యమవుతున్న మేమంతా స్టాఫ్ రూములో దిగులుగా కూర్చుని ఉంటే బాబు ఫోన్ చేశాడు. సానుభూతి చెబుతాడనుకున్నాను.

“సార్, బంద్ రోజులు క్లాసులు జరిగినట్టు లెక్కనా, జరగనట్టా?”

“జరగనట్టే.”

“అయితే మంచిదే సార్. కింద అంకె పెరగది. మరి ఆదివారాలు క్లాసులు పెట్టి సరిచేస్తరా?”

“పెట్టొచ్చు.”

అవతల చాలాసేపు నిశ్శబ్దం. ఆదివారాలు కలిపితే అతని లెక్క తలకిందులు.

నాకు అప్పుడు తోచింది, ఇన్నేళ్లుగా బాబుకు పెట్టిన కొలతే సర్కారుకూ పెట్టి చూస్తే ఎలా ఉంటుందని. ఇవ్వాల్సిన విడతలెన్ని, సకాలంలో ఇచ్చినవెన్ని? 75 మాట దేవుడెరుగు, 65 కూడా రాదు. టైఫాయిడ్ సర్టిఫికెట్ పెట్టుకున్నా కండోనేషన్‌కు పనికిరాదు, ఖాయంగా డిటెండే. కానీ ఆ ఏడాది మళ్లీ చదవమని పంపడానికి పైన ఎవరూ లేరు. నష్టం బాబుకే. నాలుగేళ్లూ గీత దాటకుండా నెట్టుకొచ్చి, కోర్సు అయిపోయి టీసీ, ఒరిజినల్ మెమోలు అడగడానికి వెళితే, “గవర్నమెంటు నుంచి రాలేదు, నువ్వు కట్టి తీసుకుపో, వచ్చాక ఇస్తాం” అంటారు అకౌంట్స్ కిటికీలో. రెగ్యులేషన్స్ పుస్తకంలో దీనికి పేజీ నంబరు లేదు. బాబు మొదటిసారి మాట లేకుండా నిలబడ్డది ఆ కిటికీ ముందే. అప్పు చేసి కట్టి తెచ్చుకున్నాడు.

కొందరు బాబులు అమెరికా కూడా చేరారు. ఎస్సీ, ఎస్టీ పిల్లలు విదేశాల్లో పీజీ చేయడానికి అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా ఇస్తారు, డిగ్రీలో 60 శాతం మార్కులుంటే. మా పాత బాబు ఒకడికి ఎన్ని వచ్చి ఉంటాయో మీరు ఈపాటికి ఊహించే ఉంటారు. అక్కణ్నించి మెసేజ్ పెట్టాడు: “సార్, ఇక్కడ సెమిస్టర్‌కు 9 క్రెడిట్లు తీసుకోవాలి, జీపీఏ 3.0 తగ్గితే ఉన్న కొంచెం సాయం పోతది. 3.02 ఉంది, టెన్షన్ లేదు. వీళ్ల పిల్లలకైతే ప్రభుత్వ సాయం నిలబడాలంటే తీసుకున్న క్రెడిట్లలో చాలా కాలేజీల్లో 67 శాతం పాసైతే చాలంట, మనకే 75 పెట్టిర్రు. కానీ సార్, ఇక్కడ అటెండెన్స్ ఎవరూ తీసుకుంటలేరు. ఎన్ని ఎగ్గొట్టొచ్చో తెల్వక అన్ని క్లాసులకూ పోతున్న.”

ఇది చదువుతున్న తల్లిదండ్రుల్లో ఎవరింట్లోనైనా ఇలాంటి బాబు ఉంటే ఒక్క మాట. ఈపాస్ రెన్యువల్ గడువు దగ్గరపడగానే వాణ్ని కూర్చోబెట్టి అప్లికేషన్ పెట్టించండి. గడువు పెంచుతారులే అంటాడు, నమ్మకండి. పెంచుతారు, అది వేరే సంగతి. కానీ చివరి రోజు సర్వర్ పనిచేయదు.