జానుసంజీవని: అయిదు రేవు సూత్రాలకు టీకాతాత్పర్యము

అవతారిక

కొలిచెలమ మల్లినాథసూరి మెతుకుసీమవాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకొని కాళిదాసుకు టీక రాశాడు. ఈ టీకాకారుడు అచ్చంపేటవాడు. ఆ ఒట్లలో ఒక్కటీ నిలుపుకోలేనివాడు. మల్లినాథుని వ్యాఖ్యకు సంజీవని అని పేరు గనుక దీనికి జానుసంజీవని అని పెట్టడమైనది. జానువు అంటే మోకాలు. నల్లమల అంచు పల్లెల్లో అరవై దాటినవాళ్లకు ఈ అర్థం నిఘంటువు చూడకుండానే తెలుసు.

వ్యాఖ్యానించబోయే గ్రంథం చాలా చిన్నది. కొల్లాపూర్ దగ్గరి సోమశిల రేవులోను, శ్రీశైలం పాతాళగంగ దగ్గరా పడవవాళ్ల నోట వినబడుతుంది. కర్త ఎవరో తెలియదు కాబట్టి ఇది అపౌరుషేయమని కొందరు. ఏ పడవాయనను అడిగినా "మా నాయిన గిట్లనే అంటుండె" అంటాడు కాబట్టి ఇది స్మృతి అని మరికొందరు. టీకాకారుడు రెండో పక్షం.

మూలము

అవ్వా, జర ఆగు. పడవ నిలవడనియ్యి. నా రెట్ట పట్టుకో. అంచు మీద తొక్కకు, నడుమల కాలు వెట్టు. కూసున్నంక లేవకు.

శాస్త్రం చదివే ముందు అనుబంధ చతుష్టయం చెప్పాలి. విషయం: ఒడ్డుకూ పడవకూ నడుమ ఉన్న జానెడు సందు. అధికారి: ఆ సందును కృష్ణానది అంత వెడల్పుగా చూసే మనిషి. ప్రయోజనం: తడవకుండా, పడకుండా, నలుగురిలో నవ్వులపాలు కాకుండా లోపల కూర్చోవడం. సంబంధం: పడవాయన రెట్ట.

ప్రథమ సూత్రము: అవ్వా, జర ఆగు

అవ్వా = ఓ పెద్దామె. ఇది ఉపలక్షణం. కర్ర పట్టిన తాతకూ, పోలియో సోకిన కాలుతో నడిచే పడుచుకూ, మోకాలి చిప్ప మార్పించుకొన్న రిటైర్డు సారుకూ, పక్షవాతం నుంచి సగం కోలుకొన్న చిన్నాయనకూ, చక్రాల కుర్చీలో వచ్చినవారికీ ఈ పిలుపే వర్తిస్తుంది. జర = కొంచెం. ఆగు = నిలువుము.

శంక: అవ్వ ఆగే ఉన్నది కదా. ఆమె ఆగడం కొత్తా? బస్సు దగ్గర ఆగింది, మెట్ల దగ్గర ఆగింది, టికెట్ల కాడ ఆగింది. ఆగినదానిని మళ్లీ ఆగమనడం పునరుక్తి దోషం కాదా?

సమాధానం: కాదు. వాక్యం అవ్వకు చెప్పినట్టున్నా భావం వెనకనున్న గుంపుకు చెందుతుంది. దీన్ని అన్యాపదేశం అంటారు. అయితే గుంపులో అలంకారశాస్త్రం చదివినవారు తక్కువ కావడం వల్ల, అవ్వ ఆగిన మరుక్షణం అందరూ ఆమెను దాటి లోపలికి దూకుతారు. మంచి చోట్లన్నీ నిండుతాయి. చివరికి ఆమెకు అంచు దక్కుతుంది.

మరి అవ్వ ముందెక్కాలా, వెనకెక్కాలా? ముందెక్కితే చోటు దొరుకుతుంది. కానీ ఖాళీ పడవ తేలిక, ఒక్క అడుగు పడితేనే పక్కకు ఒరుగుతుంది. వెనకెక్కితే పడవ బరువుగా, కుదురుగా ఉంటుంది. కానీ కాలు పెట్టడానికి సందుండదు. సిద్ధాంతం: బలమైనవాళ్లు ఇద్దరు ముందుగా ఎక్కి నడుమ కూర్చోవలె. తరువాత అవ్వ. ఆ తరువాత లోకం.

ద్వితీయ సూత్రము: పడవ నిలవడనియ్యి

పడవ = మరబోటు, నాటుపడవ, టూరిజం లాంచీ. పుట్టి ఈ సూత్రంలో చేరదు. గుండ్రంగా ఉండే ఆ వాహనానికి ముందూ వెనకా లేవు, నిలవడే స్వభావమూ లేదు. నిలవడు = రెండు తాళ్లతో కట్టుబడు. ఒక్క ముందు తాడే కడితే వెనక భాగం మెల్లగా దూరం జరుగుతుంది. జానెడు సందు మూరెడవుతుంది. ఇంజను ఆగాలి. పక్కనుంచి వెళ్లిన లాంచీ లేపిన అలలు ఒడ్డుకు కొట్టి తిరిగివెళ్లేదాకా ఓర్చుకోవాలి.

పడవ నిలవడినంత మాత్రాన సరిపోదు, ఒడ్డు కూడా నిలవడాలి. ఇక్కడ ఒడ్డు నిలవడదు. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. కనీస మట్టంగా చెప్పుకొనేది 854. ఎండాకాలంలో నీరు అంతకన్నా కిందికి దిగిన ఏళ్లూ ఉన్నాయి. 31 అడుగుల ఎత్తు నిట్టనిలువుగా తగ్గితే, వాలు నేలమీద నీటి అంచు ఎంతో దూరం వెనక్కి పోతుంది. నిన్నటి రేవు ఇవాళ బురద.

దీనిలో ఒక ధర్మసూక్ష్మం ఉన్నది. ఇదే జలాశయంలో, ఏడు నదులు కలిసేచోటని పేరున్న సంగమేశ్వరం గుడి ఏడాదిలో చాలా నెలలు నీళ్లలోనే ఉంటుంది. మట్టం బాగా తగ్గాకే శిఖరం, ఆ తరువాత గర్భగుడి, అందులోని వేపదారు లింగం బయటపడతాయి. రేవు నిండుగా ఉండి పడవ ఎక్కడం సులువైన రోజుల్లో దేవుడు నీళ్లలో ఉంటాడు. దేవుడు బయటికి వచ్చే రోజుల్లో అవ్వ బురదలో ఉంటుంది. భక్తిని పరీక్షించడానికే స్వామి ఇట్లా చేశాడని పౌరాణికులు. ఇది నీటిపారుదల శాఖ లెక్క అని ఇంజనీర్లు.

ర్యాంపు కట్టరాదా అని శంక. చక్రాల కుర్చీకి తగిన వాలు, అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. 31 అడుగులకు 372 అడుగులు. నడుమ ఆగి ఊపిరి పీల్చుకొనే చదును జాగాలు దీనికి అదనం. కట్టినా, ఆ పొడవులో ఏదో ఒక్కచోటే నీరు తగులుతుంది. అందుకే తేలే జెట్టీ. అది నీటితో పాటే లేస్తుంది, నీటితో పాటే దిగుతుంది. పడవ అంచుకూ జెట్టీకీ ఎత్తు తేడా ఏ నెలలోనూ పెద్దగా మారదు. ఒడ్డునుంచి జెట్టీకి వేసిన నడవ మాత్రం నీరు తగ్గినకొద్దీ నిటారవుతుంది. కాబట్టి ఆ నడవ పొడుగ్గా ఉండాలి, రెండు పక్కలా పట్టుకొనే కడ్డీ ఉండాలి.

తృతీయ సూత్రము: నా రెట్ట పట్టుకో

నా = పడవాయన యొక్క. రెట్ట = మోచేతికి పైభాగం. పట్టుకో = (నీవు) పట్టుకొనుము.

ఈ సూత్రానికి ప్రాణం కర్తలో ఉన్నది. పట్టుకొనేది అవ్వ. పట్టుబడేది పడవాయన. పాఠాంతరం పాటించేవారు అనేకులు: ఒకరు మణికట్టు పట్టి లాగుతారు, ఒకరు చంకల్లో చేతులు పెట్టి లేపుతారు, ఇంకొకరు వెనకనుంచి తోస్తారు. ముగ్గురూ సహాయమే అనుకొంటారు. వడ్ల బస్తాను లారీకెక్కించే ఈ పద్ధతిలో ముసలి భుజం కీలు జారవచ్చు. అంతకుముందే మనిషి మర్యాద జారుతుంది. ఎక్కడ నొప్పో, ఏ చెయ్యి బలమో అవ్వకు తెలుసు. తాను పట్టుకొంటే వదలడమూ తన చేతిలోనే ఉంటుంది. లాగేవాడు ఎప్పుడు వదులుతాడో ఎవరికి తెలుసు?

సముద్రం మీదా ఇదే శాస్త్రం. అమెరికాలో ఉన్న కొడుకులూ కూతుళ్లూ ఈమధ్య అమ్మానాన్నలను కరీబియన్ క్రూజ్ ఎక్కిస్తున్నారు. గ్రాండ్ కేమన్ వంటి చోట పెద్ద ఓడ రేవుకు ఆనుకోదు. దూరంగా లంగరు వేసి, చిన్న పడవల్లో జనాన్ని ఒడ్డుకు చేరుస్తారు. పదంతస్తుల భవనమంత ఓడలో లిఫ్టు, వైద్యుడు, నాటకశాల అన్నీ ఉంటాయి. చివరికి వచ్చేసరికి ఒక తలుపు, ఊగే పడవ, రెండు పక్కలా ఇద్దరు నావికులు. వాళ్లు అరచేతులు కలపరు. నావికుడూ ప్రయాణికుడూ ఒకరి మణికట్టును ఒకరు పట్టుకొంటారు, చెమట చేతులైనా పట్టు జారదు. అల లేచి రెండు అంచులూ సమానమైన క్షణంలో "ఇప్పుడు" అంటారు. మనిషిని ఎత్తడం మా పని కాదని చాలా ఓడలవాళ్లు ముందే చెప్పేస్తారు. కుర్చీతో సహా పడవలోకి చేర్చే ఏర్పాటు కొన్ని ఓడల్లోనే ఉన్నది. ఇక్కడ శ్రీశైలంలో రోప్‌వే మెట్లన్నీ తప్పించి కృష్ణ అంచుదాకా దించుతుంది. అక్కడా ఇక్కడా యంత్రం చివరి అడుగు ముందు ఆగిపోతుంది. ఆ అడుగుకు రెట్టే గతి.

చతుర్థ సూత్రము: అంచు మీద తొక్కకు, నడుమల కాలు వెట్టు

అంచు మీద బరువు పడితే పడవ ఆ వైపు వంగుతుంది. అదే సమయంలో వెనక కాలు ఒడ్డును తన్నడం వల్ల పడవ దూరం జరుగుతుంది. ఒక కాలు తెలంగాణలో, ఒక కాలు నీటిమీద ఉండిపోయే స్థితి ఇదే. నడుమ కాలు పెడితే పడవ కొంచెం దిగుతుంది, ఒరగదు.

ఇక్కడ శాస్త్రవిరోధం ఒకటి. కుడికాలు ముందు పెట్టమ్మా అని వెనకనుంచి నలుగురు అరుస్తారు. గృహప్రవేశానికీ, కొత్తకోడలికీ అది చెల్లుతుంది. ఆసుపత్రిలో మెట్ల గురించి వేరే సూత్రం నేర్పుతారు: ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు. శరీరాన్ని లేపేదీ, మెల్లగా దించేదీ మంచికాలే కావాలని దీని అంతరార్థం. పడవ ఒడ్డుకన్నా కిందున్నప్పుడు అది దిగడం, పైనున్నప్పుడు ఎక్కడం. కాబట్టి అవ్వకు ఎడమ మోకాలు నొప్పి అయితే, దిగేచోట ఎడమకాలే ముందు. లక్ష్మీదేవి అలగదా? అలగదు. నీళ్లలోంచి పుట్టిన తల్లికి రేవు సంగతి మనకన్నా ఎక్కువ తెలుసు.

లైఫ్ జాకెట్ గురించి ఒక మాట. ఒడ్డుమీదే తొడగాలి, తొడగకుండా పడవ కదలకూడదు. అయితే ఆ లావు జాకెట్ తొడిగాక మనిషికి తన కాళ్లే కనబడవు. అందుకే "నడుమల" అన్న పదం. చూపు అడ్డుపడ్డచోట మాట కళ్లు కావాలి: ఇంకొంచెం ముందుకు, ఆఁ, కింద చెక్క ఉన్నది, పెట్టు. ఏమీ చెప్పకుండా "పెట్టవ్వా పెట్టు" అని మాత్రమే అనేవాడు సూత్రం చదివాడు, టీక చదవలేదు.

నిలబడి దాటలేనివారికి వికల్పం: జెట్టీ అంచున కూర్చొని, కాళ్లు పడవలోకి వేసి, జరుగుతూ లోపలి బల్ల మీదికి చేరవచ్చు. రెండు ఎత్తులూ సమానంగా ఉంటేనే ఇది కుదురుతుంది. తేలే జెట్టీ గొప్పతనం మళ్లీ ఇక్కడ సిద్ధిస్తున్నది.

పంచమ సూత్రము: కూసున్నంక లేవకు

కూసున్నంక = కూర్చున్న పిదప. లేవకు = ఫొటో కోసమూ, అవతలివైపు మొసలి కనబడిందన్న వార్త కోసమూ లేవకుము. అందరూ ఒక్క పక్కకు లేస్తే ఎంత పెద్ద పడవైనా ఒరుగుతుంది. 2007 జనవరిలో ఇదే కొల్లాపూర్ సీమలో, మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవైమంది దాకా పోయారు. ఈ రేవుల్లో ఎక్కువమందిని ఎక్కించవద్దని ఎవరైనా గట్టిగా అంటే అది పిరికితనం కాదు. ఇక్కడ టీకాకారుడు హాస్యం మానినాడు.

ఈ సూత్రానికి దుర్వ్యాఖ్య ఒకటి ప్రచారంలో ఉన్నది. అక్కమహాదేవి గుహల దగ్గర పడవ ఆగుతుంది. పిల్లలు దిగుతారు, కోడళ్లు దిగుతారు. అవ్వను చూసి అందరూ ఒక్కటే అంటారు: "నువ్వు ఈడనే కూసో, లేవకు." సూత్రం కదిలే పడవకు, వీళ్లు ఆగిన పడవకు వాడారు. అతివ్యాప్తి దోషం. ముందరి నడక ఎక్కువ, రాళ్లు ఎక్కువ, వద్దంటే వద్దని ఆమే చెప్పవచ్చు. అడగకముందే ఆమె తరఫున మనం చెప్పడం వేరు. గుహదాకా పోలేకపోయినా ఒడ్డున దిగి నీళ్లలో కాళ్లు పెట్టుకోవాలని ఉండవచ్చు. అడిగినవాడెవడు?

పూర్వపక్షం: వంతెన వస్తున్నది కదా? సోమశిల, సిద్ధేశ్వరం నడుమ తీగల వంతెనకు 2022 అక్టోబరులో కేంద్రం 1,082.56 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. ఇక పడవెందుకు, ఈ టీకెందుకు?

సిద్ధాంతం: వంతెన ఆవలి ఒడ్డుకు చేరుస్తుంది. కార్తీకంలో లాంచీ ఎక్కేవాళ్లు ఆవలి ఒడ్డు కోసం ఎక్కరు, నడుమనున్న నీళ్ల కోసం ఎక్కుతారు.

మరొక పూర్వపక్షం: 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అన్ని రకాల ప్రయాణ సాధనాలూ అందుబాటులో ఉండాలనే చెప్పింది, కానీ పాతవాటిని మార్చడం సాంకేతికంగా సాధ్యమై, సురక్షితమైన చోటనే అన్నది. నదిలో అది సాధ్యమా?

సిద్ధాంతం: ఇదే శ్రీశైలం జలాశయం నిండబోతున్నదని, కూడవెల్లిలోని మరొక సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. గుడిని తరలించడం సాధ్యమైన నీళ్ల దగ్గర, గుడికి పోయే మనిషిని ఒక్క అడుగు దాటించడం అసాధ్యమంటే తర్కశాస్త్రం ఒప్పుకోదు. లోపం మోకాలిలో ఉన్నదని ఇన్నాళ్లూ అనుకొన్నాం. మోకాలు ఏ ఎత్తులో ఉన్నదో అందరికీ తెలుసు. రేవే ఏ ఎత్తులో ఉండాలో తేల్చుకోలేదు.

తాత్పర్యము

ఓ పెద్దామె! గుంపును ఆపితిమి. పడవను రెండు తాళ్లతో కట్టితిమి. నీకు నచ్చినచోట నన్ను పట్టుకొనుము. ఏ కాలు ముందో నీవే చెప్పుము. కూర్చొనుము, దిగవలెనా వద్దా అని అక్కడికి పోయినాక నిన్నే అడిగెదము.

ఫలశ్రుతి

ఈ అయిదు సూత్రాలను రేవులో పాటించినవారి పడవ పది నిమిషాలు ఆలస్యంగా కదులును. అంతకు మించిన నష్టము ఏ వ్యాఖ్యానంలోనూ చెప్పబడలేదు. పాటించనివారికి టీకాకారుని శాపమేమీ లేదు. అరవై ఏళ్లు నిండువరకు వారు ఆగిన చాలును.