మిద్దె చేసిన పాపం

మహానంది కోనేట్లో అయిదడుగుల లోతున గుండుసూది పడ్డా పైకి కనిపిస్తుందంటారు. భక్తులు వంగి వంగి చూస్తారు, జేబులో సెల్‌ఫోను జారిపోయేదాకా. అంత సూక్ష్మదృష్టి ఉన్న మనవాళ్లకు నంద్యాల నుంచి అక్కడికి పోయే దారి పల్లెల్లో ఇంతింత మట్టిమిద్దెలు మాత్రం కనిపించవు.

ఎందుకు కనిపించాలి? అందులో దేవుడు లేడు, రాజు పుట్టలేదు, సినిమా షూటింగు జరగలేదు. ఉన్నదల్లా మూరెడు మందం గోడ, దూలాలు, దంతెలు, వెలుతురుకొక గవాచి, ముందు బండలు పరిచిన అరుగు, మండువేసవిలో కూడా మధ్యాహ్నం కునుకు పట్టే చల్లదనం. పైగా జనం ఇంకా కాపురం చేస్తున్నారు! కాపురం ఉన్నచోట చరిత్రేమిటి? మన లెక్కలో చరిత్రంటే టికెట్టుండాలి, తాళం ఉండాలి, నాలుగు గబ్బిలాలుండాలి.

చట్టానిదీ అదే చూపు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించి, రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధం, ఆపైన 200 మీటర్లు నియంత్రణ అని గిరి గీశారు. గిరి నడుమ గుడో బురుజో ఉండాలి. గిరిలో ఇరుక్కున్న ఇంటివాడు కూలిన గోడ లేపుకోవాలన్నా కాగితాలు పట్టుకుని తిరగాలి. ఇల్లు బురుజుకు అడ్డమైతే చట్టానికి బాగా కనిపిస్తుంది. ఇల్లే విలువైనదంటే కళ్లజోడు వెతుక్కుంటుంది.

గుడికీ ఇంటికీ తేడా మనకెంత బాగా తెలుసో 1981లో శ్రీశైలం జలాశయం తేల్చింది. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ పేర్చారు. మంచి పని, దండం పెట్టాల్సిందే. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ముంపు ఊళ్ల ఇళ్లకు మాత్రం ‘ఆపరేషన్ డిమోలిషన్’ వచ్చింది. దేవుడికి పునఃప్రతిష్ఠ, మనిషికి పరిహారం పద్దు.

హైదరాబాదు కాస్త నాగరికం. అక్కడ 1995లో నగర జోనింగు నియమాల్లో 13వ నిబంధన తెచ్చి పాత భవనాలకు జాబితా రాశారు. 2015లో ఆ నిబంధననే పీకేశారు. జాబితాలో చాలా భవనాల కంటే ముందు కూలింది అదే.

అమెరికాలో చార్ల్‌స్టన్ 1931లోనే ఇళ్ల పేటను పేటగా కాపాడుకునే కట్టడి చేసుకుంది. 2017లో అహ్మదాబాదు పాతనగరం, ‘పోళ్లు’ అనే దాని ఇళ్ల పేటలతో సహా, యునెస్కో జాబితాకెక్కింది. మన సీమలోనూ నాలుగు వీధులను సంరక్షణ మండలంగా ప్రకటించమని అడిగే పెద్దమనుషులున్నారు. న్యాయమైన కోరికే. చిక్కల్లా వాళ్లు ఏసీ గదుల్లో కూర్చుని అడగడం. ఏటా వానలకు ముందు మిద్దెపైకి చౌడుమన్ను ఎవరు మోయాలి? పుచ్చిన దూలం మార్చాలంటే కలపకెవరు డబ్బు పెట్టాలి? వాన కారితే రాత్రంతా గిన్నెలు పెట్టేది ఆ ఇంటి ఆడమనిషి, తెల్లారాక వచ్చి ఫొటో తీసుకుపోయేది మనం. కొత్త సిమెంటు ఇంటికైతే సర్కారు పథకం ఉంది, బ్యాంకు అప్పుంది. మిద్దెకు మన్నేసుకుంటాను, అప్పివ్వండి అంటే మేనేజరు గారు నవ్వాపుకోలేక నీళ్లు తెప్పించుకుంటారు. కాబట్టి ఆ మండలమేదో వచ్చిన రోజున జీవోలో మొదటి పంక్తి మన్ను మోసే కూలి గురించి ఉండాలి. కమిటీ అధ్యక్షుల వారి కారు సంగతి ఆఖరి పేజీలో చూసుకోవచ్చు.

అలా కాకపోయినా దిగులు లేదు లెండి. మిద్దెలన్నీ పడిపోయాక ఏ శిల్పారామంలోనో నమూనాకొకటి కడతాం. హైవే పక్క హోటలు వాడు గోడకు ఎర్రమట్టి రంగు ప్లాస్టిక్ పెయింటు కొట్టించి, దూలాలను సిమెంటుతో పోయించి, అరుగేసి, రాగి సంగటి మూడొందలకు అమ్ముతాడు. ఆ అరుగు మీద సెల్ఫీ దిగడానికి అసలు మిద్దె కూలగొట్టుకున్న వాళ్ల పిల్లలే వరస కడతారు. జీఎస్టీ అదనం.