థర్మాకోల్ బాయిలో బగారన్నం

బొగ్గుబాయిలోకి దిగే మనిషిని ముందు తడుముతారు. జేబులో బీడీ ఉందా, అగ్గిపెట్టె ఉందా, లైటర్ ఉందా అని చూస్తారు. ఇందులో అవమానమేమీ లేదు. కింద మీథేన్ ఉంటుంది, ఒక్క అగ్గిపుల్ల గీస్తే షిఫ్టు షిఫ్టంతా పైకి రాదు. అందుకే గనుల నిబంధనలు రాసినవాళ్లు ఈ సోదా తప్పనిసరి చేశారు. సద్దిడబ్బా జోలికి మాత్రం ఎవరూ పోరు. గోదావరిఖనిలో తాతలూ తండ్రులూ కొడుకులూ డబ్బా చేతబట్టుకునే దిగారు.

హైదరాబాద్ పొలిమేరల్లోని ఒక థీమ్ పార్కు గేటు దగ్గరా ఇలాగే తడిమారు. పార్కు పేరు చెప్పను, చెబితే దానికి ప్రచారం. ఇక్కడ బీడీకట్ట దొరికితే ఏమీ అనరు, లోపల పొగతాగడానికి వేరే మూలే ఉంది. సర్వపిండి దొరికితే మాత్రం దొంగ దొరికినట్టే. మా అవ్వ తెల్లారకముందే లేచి, పల్లీలూ నువ్వులూ వేసి ఒత్తి, గిన్నెకు అంటించి కాల్చి, సంచీలో సర్దుకున్న సర్వపిండిని బల్ల మీద పెట్టించి, ఒక సెక్యూరిటీ ఆయన ఇంకో సెక్యూరిటీ ఆయన్ని పిలిచాడు. ఇద్దరూ కలిసి దాన్ని జిలెటిన్ కడ్డీని చూసినట్టు చూశారు. అది లోపలికి పోతే ఏం పేలుతుందో నాకు అంతుపట్టలేదు. లోపల రేట్ల బోర్డు చదివాక తెలిసింది. గల్లాపెట్టె పేలుతుంది.

చట్టం అండ లేకుండా చేస్తున్నారనుకునేరు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు సినిమా హాళ్ల కేసులో, బయటి తిండి వద్దనే హక్కు హాలు యజమానికి ఉందని తేల్చింది. ఎవరో జిలేబీ తెచ్చుకుని వేళ్లు సీటుకు తుడిస్తే ఎవరు కడగాలి, తందూరీ చికెన్ బొక్కలు ఎవరు ఎత్తాలి అని విచారణలో సాక్షాత్తూ ప్రధాన న్యాయమూర్తే అడిగారు. మంచినీళ్లు ఊరికే ఇవ్వాలని, చంటిపిల్లల తిండిని ఆపొద్దని కూడా అక్కడే అన్నారు. బాగుంది. సినిమా మూడు గంటలు. పార్కులోకి పొద్దున దూరినవాడు రాత్రి దీపాల తమాషా అయ్యేదాకా బయటపడడు. మూడు గంటల ఆకలికి చెప్పిన న్యాయాన్ని మూడు పూటల ఆకలికి సాగదీసి కప్పుకున్నారు పార్కులవాళ్లు. మరి మంచినీళ్ల మాటో? నల్లా ఉంది. ఎక్కడుందో చెప్పే బోర్డే లేదు.

ఇంతకీ మా ఊరివాళ్లకు ఆ గేటు దాకా పోయే బుద్ధి ఎందుకు పుడుతుందంటే, దసరా ముందు సింగరేణి బొగ్గు బెల్టులో కార్మికులకు లాభాల వాటా పడుతుంది. 2025లో కంపెనీ 34 శాతం వాటా కింద 819 కోట్లు ప్రకటించింది. పర్మినెంటు కార్మికుడికి సగటున 1,95,610 రూపాయలు. ఆ పైసలు బ్యాంకులో పడ్డ సంగతి కార్మికుడి ఇంట్లోవాళ్ల కంటే ముందు బైకుల షోరూములకూ బంగారం దుకాణాలకూ తెలుస్తుంది. ఇప్పుడు పార్కులకూ తెలుస్తోంది. మా తమ్ముడికి వాటా పడింది, పిల్లలు పట్టుబట్టారు. హైదరాబాద్ పోయే రాజీవ్ రహదారి ఎక్కాం.

కాంట్రాక్టు కార్మికుడికి అదే సెప్టెంబరులో ప్రకటించింది 5,500. అదే దుమ్ము, అదే ఎండ, ఒక్కోసారి అదే పని. ఆ 5,500తో నలుగురున్న ఇల్లు ఆ పార్కు గేటు దాటితే, తిండి బాగుందో లేదో తేల్చుకునే శ్రమ వాళ్లకు తప్పుతుంది. తినడానికి ఏమీ మిగలదు.

రాత్రి భోజనానికి పిల్లలు ఏరికోరి గుహ హోటల్‌లోకి లాక్కుపోయారు. గుహ అంటే గని అన్నమాట. గోడలకు నల్లరంగు పూసిన థర్మాకోల్ బండలు. మూలన ప్లాస్టిక్ పార, ప్లాస్టిక్ తట్ట. మధ్యలో బొగ్గుటబ్బు, దాన్నిండా ఐస్‌క్రీములు. వడ్డించే పిలగాళ్ల తల మీద పసుపుపచ్చ టోపీలు, వాటికి మినుకు మినుకుమనే చైనా లైట్లు. పిల్లలు సెల్ఫీల కోసం ఎగబడ్డారు. మా బాపు మాత్రం గుమ్మంలోనే ఆగిపోయాడు.

బాపు మైనింగ్ సర్దార్‌గా రిటైరయ్యాడు. పనిస్థలంలోకి మనుషుల్ని పంపేముందు పైకప్పును కర్రతో తట్టి, చప్పుడు వినడం సర్దార్ పని. గట్టి చప్పుడొస్తే సరే, డొల్ల చప్పుడొస్తే బండ ఊడిందన్నట్టు. రిటైరైనా ఆ చెయ్యి ఊరుకోదు. చేతికర్ర పైకెత్తి థర్మాకోల్ కప్పును రెండుసార్లు తట్టాడు.

"డొల్ల. సపోర్టు లేదు. గీడ కూసునుడు మంచిది గాదు బిడ్డా" అన్నాడు.

ఒక నల్ల ముక్క రాలి పక్క టేబుల్ సూపులో పడింది. ఆ పూట ఆ సూపులో నమలడానికి దొరికిన ముక్క అదొక్కటే. బాపు మాట విని అక్కణ్ణుంచే లేచి వచ్చేస్తే బాగుండేది. కానీ మనిషికింత అని ముందే కట్టించుకుని చేతికి కాగితం పట్టీ చుట్టారు, అది చుట్టాక వాపసు లేదు.

బగారన్నం ఎప్పుడో వండి ఉంటారు. గంటె పెడితే అచ్చు ఇటుకలా పెళ్లలు పెళ్లలుగా లేచింది. అవ్వ ఒక మెతుకు వేళ్ల మధ్య నలిపి చూసి, "పొద్దుగాల వండిన్రా, మొన్న వండిన్రా?" అని అడిగింది. జవాబు రాలేదు. మటన్ గిన్నె ముందు 'ముగిసినది' అన్న అట్ట ఉంది, ఆ అట్ట మీద నూనె మరకలు చూస్తే అది రోజూ అక్కడే ఉంటుందని తెలుస్తోంది. లైవ్ కౌంటర్ అని రాసిన చోట పొయ్యి ఆరిపోయి ఉంది. పచ్చిపులుసు అడిగితే ఆ పిలగాడు సారీ చెప్పి టమాటా సాస్ తెచ్చాడు.

అప్పుడొచ్చింది అసలు వంటకం, చార్‌కోల్ నాన్. పిండిలో బొగ్గుపొడి కలిపి, నల్లగా కాల్చి, వెన్న రాసి తెచ్చారు. పట్నంలో ఇది ఈమధ్య ఫ్యాషనట, కడుపు శుభ్రమవుతుందట. వడ్డించే పిలగాడు దాని గుణగణాలు చిలకపలుకుల్లా అప్పజెప్పాడు. బాపు ఓపిగ్గా విన్నాడు.

"ముప్పయ్యేండ్లు ముక్కులకు పోయింది సాలదా బిడ్డా, ఇప్పుడు పైసలిచ్చి నోట్లె గూడ ఏసుకోవాల్నా?"

ఆ పిలగాడికి అర్థం కాలేదు. ఒడిశా నుంచి వచ్చాడట. పొద్దున డ్యూటీ ఎప్పుడు ఎక్కావని అడిగితే, పార్కు తెరవకముందు అన్నాడు. మూసేదాకా ఉండాలన్నాడు. అసలు గనిలో మనిషిని రోజుకు 8 గంటలకు మించి కింద ఉంచొద్దని 1952 నాటి గనుల చట్టం చెప్పింది. థర్మాకోల్ గనికి ఆ చట్టం ఎప్పుడూ వర్తించలేదు. నిజం గనిలోంచి టోపీని తెచ్చుకున్నారు, లైటును తెచ్చుకున్నారు, టబ్బును తెచ్చుకున్నారు. పని గంటలు మాత్రం అక్కడే వదిలేశారు.

గని మీద వినోదం మనవాళ్లు కనిపెట్టింది కాదులెండి. అమెరికాలో టెక్సాస్‌లోని ఒక పార్కులో 1966లోనే గనిరైలు పరిగెత్తింది. కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో 1979లో ఇంకోటి వచ్చింది. ఇప్పుడు ఏ దేశం పార్కు చూసినా ఒకటుంటుంది. వాటన్నిటి కథా ఒకటే: రైలు అదుపు తప్పుతుంది, జనం కేకలు పెడతారు, దిగి మళ్లీ టికెట్టు కొంటారు. హాలేజీ తాడు తెగి ఇంక్లైన్‌లో టబ్బులు కిందికి ఉరికితే ఏమవుతుందో మా దగ్గర ఏ బస్తీలో అడిగినా చెబుతారు. అక్కడ కేకలు పెట్టే సందు ఉండదు. మేం పోయిన పార్కులోని 4డీ థియేటర్లో కుర్చీ ఊగితే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఓపెన్‌కాస్టు పక్క ఊళ్లలో బ్లాస్టింగ్ వేళకు వంటింట్లో గిన్నెలు రోజూ ఊగుతాయి, టికెట్టు లేకుండానే.

బిల్లు విషయానికొస్తే, అది కూడా ఒక రైడే. నీళ్ల సీసా మీద ఒక ధర, బిల్లులో ఇంకో ధర. అడిగితే మేనేజరు చిరునవ్వు నవ్వాడు. నవ్వే హక్కు ఆయనకుంది: హోటళ్లు సీసా మీది ధర కంటే ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టే చెప్పింది. హోటల్‌కు పోయేవాడు నీళ్ల కోసమే పోడు, అక్కడి వాతావరణాన్ని అనుభవించడానికి పోతాడన్నది అందులో తర్కం. మేం అనుభవించిన వాతావరణం థర్మాకోల్. కింద సర్వీస్ చార్జి అని ఇంకో గీత ఉంది. అది మాత్రం చెల్లదు. అడక్కుండా సర్వీస్ చార్జి కలపొద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు అది సరైనదేనంది. ఆ మాట అనగానే మారు మాట్లాడకుండా కొట్టేశారు. అంటే వాళ్లకు ముందే తెలుసు. తెలియని వాళ్ల దగ్గర వసూలు చేసుకునే లెక్క అది, తెలిసినవాడికి మాఫీ.

మరుసటి రోజు మా తమ్ముడి పిల్లలు ఫొటోలు పెట్టారు. టోపీలు, టబ్బు, నల్ల నాన్. కింద చుట్టాల వరుస: సూపర్, ఎక్కడిది, మేమూ పోతాం. ఫొటోలో అన్నం చల్లగా ఉన్నట్టు కనబడదు. పార్కు బతికేది దాని మీదే. నాలుకకు నచ్చాలన్న బాధ దానికి లేదు, ఫోనుకు నచ్చితే చాలు. ఒకసారి వచ్చినవాడు మళ్లీ రాకున్నా ఫరవాలేదు, వాడి ఫొటో చూసి ఇంకొకడు వస్తాడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈ గాలి మా వైపూ మళ్లింది. 2022 చివర్లో ఆర్టీసీ సింగరేణి దర్శన్ అని బస్సు పెట్టింది. బొగ్గు టూరిజం అన్న మాట నాయకుల నోట అప్పుడప్పుడూ వినబడుతూనే ఉంది. రేపు ఎవరో ఒక కన్సల్టెంటు రామగుండంలో దిగి, మూసేసిన బాయిలో హోటల్ పెడదామంటాడు. పెట్టండి, తప్పేం లేదు. జర్మనీలోని ఎస్సెన్‌లో జోల్‌వెరైన్ గని 1986లో మూతబడింది, 2001లో యునెస్కో జాబితాకెక్కింది, అక్కడి కంప్రెసర్ హాలులోనే ఇవాళ హోటల్ నడుస్తోంది. వేల్స్‌లో బిగ్ పిట్ 1980లో మూతబడి 1983లో సందర్శకుల కోసం తెరుచుకుంది. అక్కడ దిగేవాళ్లను గనిలో పనిచేసిన మనిషే తీసుకుపోతాడు, ఫోన్లూ అగ్గిపెట్టెలూ పైనే పెట్టించుకుని. మనకు థర్మాకోల్ కొనే అవసరం కూడా లేదు. కొండలు కావాలా, బొగ్గు పైనుంచి తవ్విపోసిన ఓబీ మట్టి గుట్టలున్నాయి, ఏ పార్కువాడూ కట్టలేనంత ఎత్తు. చెరువు కావాలా, తవ్వి వదిలేసిన ఓపెన్‌కాస్టు గుంతలున్నాయి. పొగ కావాలా, ఎన్టీపీసీ చిమ్నీలున్నాయి. చెప్పేవాళ్లు కావాలా, మా బాపు ఈడువాళ్లు అరుగుల మీద ఖాళీగానే కూర్చున్నారు, ఎవరైనా అడుగుతారేమోనని.

ఒక్క షరతు. 250 మందికి మించి పనిచేసే గని దగ్గర క్యాంటీన్ ఉండాలని 1955 మైన్స్ రూల్స్ చెప్పాయి. ఆ క్యాంటీన్‌కు ఒక కమిటీ ఉండాలి, తిండి నాణ్యత ఏంటి, ఎంత పెట్టాలి, ఏం వండాలి, ఏ వేళకు పెట్టాలి అని ఆ కమిటీని సంప్రదించాలి అన్నాయి. ముక్కుల్లో మసితో పైకి వచ్చేవాడి ప్లేటు గురించి అంత ఆలోచించిన ఈ దేశం, టికెట్టు కొని లోపలికి పోయినవాడి ప్లేటును గాలికి వదిలేసింది. ఆ కమిటీని థీమ్ హోటల్‌కూ వేయండి. మా అవ్వ పేరు ముందు రాసుకోండి. జీతం అడగదు, కారు పంపమనదు. కాకపోతే వంటగది తలుపు తీసే ఉంచాలి. మటన్ ముగిసిందని అట్ట పెట్టేముందు ఆమె గిన్నెలో గంటె పెట్టి అడుగుదాకా దేవి చూస్తుంది.