మూడో పిన్ను

మా ఇంటామె కుడి అరచేతిలో, చూపుడువేలి మొదట్లో, బియ్యపుగింజంత మచ్చ ఒకటుంది. ఎడమ మోకాలి కింద రెండంగుళాల గాటు ఉంది. రెండూ ఒకే రోహిణి కార్తెలో, నాలుగు రోజుల తేడాతో పడ్డవి. రెండూ నా వల్ల పడ్డవే.

రెండేళ్ల కిందటి మాట. హైదరాబాదు వచ్చేయమని పిల్లలు ఏప్రిల్ నుంచే ఫోన్లు చేస్తున్నారు. "రెంటచింతలలో పుట్టినోడికి ఎండ కొత్తా?" అని నేనే కొట్టిపారేశాను. నా చిన్నతనంలో వేసవి వచ్చిందంటే రేడియో వార్తల్లో, రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత అంటూ మా ఊరి పేరు వినపడేది. వాతావరణ కేంద్రం ఊళ్లోనే ఉంది. ఆ అంకెను మేం బిరుదులా చెప్పుకుంటాం. నేనూ అలాగే చెప్పుకున్నాను. ఆ ఎండలో రెండు పూటలా పొయ్యి దగ్గర నిలబడేది మాత్రం ఆమె. బీపీ మాత్ర వేసుకునేదీ ఆమే. వెళ్దామా, ఉందామా అని ఆమెను ఒక్క మాట అడగలేదు. మాట్లాడకుండా ఉంటే సరేనన్నట్టే అనుకున్నాను. ముప్పై నాలుగేళ్ల కాపురంలో అలా అనుకోవడమే నాకు అలవాటైపోయింది.

మాది పాత నాపరాళ్ల ఇల్లు. పగలంతా తాగిన వేడిని గోడలు రాత్రి కక్కుతాయి. ఉన్న దిక్కల్లా ఒక కూలరు. ఇనపరేకు పెట్టె, మూడు వైపులా గడ్డి, అడుగున నీళ్ల తొట్టి, అందులో అరచేయంత పంపు. ఆ పంపు మొరాయించింది. మెకానిక్కు రేపొస్తానన్నాడు. ఆ రేపటి దాకా ఆగలేక నేనే విప్పాను. పంపు వైరు పైతొడుగు ఎండకు పెళుసెక్కి చిట్లి ఉంది. టేపు చుట్టాను. పంపు తిరిగింది. దాన్ని పడకగదిలోకి జరిపితే అక్కడ బోర్డుకు రెండే రంధ్రాలు. మూడు పిన్నుల ప్లగ్గు పట్టదు. కత్తెర తీసుకుని ప్లగ్గు కోసేసి రెండు పిన్నులది బిగించాను. మిగిలిపోయిన ఆకుపచ్చ వైరును మెలిపెట్టి లోపలికి తోసేశాను.

నేను ముప్పై ఒక్క ఏళ్లు పదో తరగతికి భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. ప్లగ్గు చేత్తో పట్టుకుని మూడో పిన్ను మిగతా రెంటికన్నా లావుగా, పొడుగ్గా ఎందుకుంటుందని పిల్లల్ని అడిగేవాణ్ణి. ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు తగలాలి, తీసేటప్పుడు అన్నిటికంటే చివర విడవాలి, అందుకని. ఎక్కడైనా కరెంటు ఇనపరేకులోకి పాకితే ఆ ఆకుపచ్చ వైరు దాన్ని నేలలోకి లాగేస్తుంది, ఫ్యూజు ఎగిరిపోతుంది. ఆ దారి లేకపోతే రేకంతా కరెంటు నిండి, ఎవరో ఒకరు చెయ్యి వేసేదాకా అలాగే ఉంటుంది. ఎన్ని వందల మంది పిల్లలకు చెప్పానో ఈ పాఠం. ఏటా వేసవిలో కూలరు షాకు కొట్టి ఫలానా ఊళ్లో ఫలానా ఆమె పోయిందన్న వార్త పేపర్లో చదివి అయ్యో అనుకున్నవాణ్ణి కూడా.

మూడో రోజు మధ్యాహ్నం నేను వసారాలో మంచం మీద పడుకుని ఉన్నాను. ఆమె స్టీలు బిందెతో కూలర్లో నీళ్లు పోస్తోంది. చెప్పుల్లేని కాళ్లు, కింద తడి నాపరాయి. కేక వినపడలేదు. బిందె పడ్డ చప్పుడు వినపడింది. వెళ్లేసరికి బిందె గడప దాకా దొర్లి ఆగింది. ఆమె గోడకు చేరగిలబడి ఉంది. కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి. ఎంత విప్పుదామన్నా విప్పలేకపోతోంది. కరెంటు ఆమెను పట్టి ఉంచకుండా విసిరేసింది కాబట్టి బతికింది. అంతకుమించి అందులో నా గొప్ప ఏమీ లేదు.

షాకు కొట్టినవాళ్లు పైకి బాగానే కనపడినా ఆసుపత్రికి తీసుకెళ్లి గుండె పరీక్ష చేయించాలి. అదీ నాకు తెలుసు. "ఏం కాలేదులెండి" అని ఆమె అంటే అదే చాలనుకుని మజ్జిగ కలిపి ఇచ్చాను. సాయంత్రం ఆమె ఒక్కటే అంది. "ముందు ఆ ప్లగ్గు సంగతి చూడండి."

ఆ ఒక్క మాట విని ఉంటే మోకాలికి గాటు పడేది కాదు. నాకు మాత్రం ఆమె ముఖం చూడటమే కష్టంగా ఉంది. ప్లగ్గు మార్చడం చాలా చిన్న పనిగా తోచింది. ఏదైనా పెద్దది చేసి ఆమెను సంతోషపెట్టాలి, ఆ మధ్యాహ్నాన్ని మరిపించాలి. షాకు కొట్టిన నాలుగో రోజు సాయంత్రం బండి తీసి, "పద, సత్రశాల పోయొద్దాం" అన్నాను.

సత్రశాల మా మండలంలోనే ఉంది. కృష్ణ ఒడ్డున మల్లికార్జునస్వామి గుడి. వాళ్ల నాన్న భుజాన ఎక్కి శివరాత్రికి అక్కడికి పోయేదాన్నని ఆమె ఎన్నోసార్లు చెప్పింది. ఆయన నాగార్జునసాగర్ డ్యాం పనిలో రాళ్లు మోసిన మనిషి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన దగ్గర్నుంచి, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలిన దాకా జరిగిన కథలన్నీ ఆమెకు ఆయన నోటి నుంచి వచ్చినవే. ఇప్పుడు సత్రశాల దగ్గర నదికి అడ్డంగా సాగర్ టెయిల్‌పాండ్ ఆనకట్ట ఉంది. పైన కరెంటు తీసి వదిలిన నీళ్లను అక్కడ నిలబెట్టి, అవసరమైనప్పుడు మళ్లీ సాగర్‌లోకి తోడుకోవడానికి కట్టింది అది. అందుకే వేసవి చివర, మిగతా చోట్ల కృష్ణ రాళ్లు తేలి ఉన్నా అక్కడ నీళ్లుంటాయి.

దర్శనం అయింది. గుడి మెట్ల మీద గాలికి కూర్చుంది. నాలుగు రోజుల్లో మొదటిసారి ఆమె ముఖం తేటపడింది. అక్కడితో లేచి ఇంటికి వచ్చేస్తే సరిపోయేది. ఒడ్డున ఒకతను పుట్టిలో వల సర్దుకుంటున్నాడు. నేను పోయి మమ్మల్ని కాస్త లోపలికి తిప్పమని అడిగాను. అతను వద్దన్నాడు. "మనుషుల్ని ఎక్కించుకోను సారూ, చేపలకే ఇది" అన్నాడు. బతిమాలాను. డబ్బు చూపించాను. చివరికి ఒప్పించాను. అందుకే అతని మీద రవ్వంత తప్పు కూడా వేయను.

ఆమె పడమటికి చూసి ఆగిపోయింది. "మబ్బు ఎర్రగా ఉందండీ. దుమ్ము లేపుకుని వస్తంది. వద్దు" అంది. మిరపకల్లాల్లో పెరిగిన మనిషి ఆమె. కల్లంలో ఎర్రగా పరిచిన కాయ తడిస్తే ఏడాది కష్టం బూజు పట్టిపోతుంది. ఆ ఇంటి ఆడపిల్లకు ఆకాశం చూడటం అన్నం వండటమంత మామూలు విద్య. నేను మబ్బు చూడనేలేదు. "పది నిమిషాలేగా" అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. దాన్నీ సరేననే అనుకున్నాను.

పుట్టి అంటే వెదురుబద్దల గుండ్రటి బుట్ట. అడుగున పట్టా, దాని మీద తారు. ముందూ వెనకా ఉండవు, మధ్యన కదలకుండా కూర్చున్నంతసేపే నిలకడ. వేసుకోవడానికి లైఫ్ జాకెట్లు లేవు. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో పడవ బోల్తా పడినప్పుడు, 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగినప్పుడు, రోజుల తరబడి టీవీ ముందు కూర్చుని, జాకెట్లు లేకుండా జనాన్ని ఎలా ఎక్కిస్తారని చుట్టాలందరితో వాదించిన మనిషిని నేను. ఈత రాని భార్యను నా చేత్తో పట్టుకుని ఆ పుట్టిలో కూర్చోబెట్టాను.

ఒడ్డు నుంచి ముప్పై గజాలు పోయామో లేదో గాలి తగిలింది. మొదట ఇసుక కళ్లలో పడింది. ఆ తర్వాత నీళ్లు గరగరలాడుతూ లేచాయి. పుట్టి గిర్రున తిరగడం మొదలుపెట్టింది. అతను తెడ్డు లోతుగా వేసి ఒడ్డుకు తిప్పుతున్నాడు. ఆమె నా చొక్కా పట్టుకుంది. దగ్గరికొచ్చాం, రాళ్లు కనపడుతున్నాయి. ఒక బండను పట్టుకుని పుట్టిని ఆపుదామని నేను లేచి నిలబడ్డాను. "సారూ, కూర్చోండి!" అని అతను అరిచేలోపే బుట్ట నా వైపు ఒరిగి నీళ్లు తాగింది. గరిమనాభి పైకి పోతే వస్తువు నిలకడ తప్పుతుంది. అదీ నేను బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన పాఠమే.

ఆమె నీళ్లలో పడింది. ఆ చోట గొంతుదాకానే లోతు. కానీ ఆమెకు ఆ సంగతి తెలియదు, కాళ్లకు నేల దొరకలేదు. నాకు కనపడింది ఆమె చీర. ఆకుపచ్చ చీర నీటి మీద ఉబ్బి ఒక్క క్షణం తామరాకులా పరుచుకుంది. దాని కింద ఆమె ఉంది. నాకు ఈత వచ్చు. చెయ్యీ కాలూ ఆడలేదు. ఆ పుట్టి మనిషి దూకి, జడ పట్టి లేపి, రెండు చేతులా ఎత్తి బండ మీద కూర్చోబెట్టాడు. దగ్గుతూ నీళ్లు కక్కింది. మోకాలి కింద రాయి కోసిన చోట నెత్తురు కారుతోంది. ఇచ్చిన డబ్బు అతను తిరిగి నా జేబులో పెట్టి, "ముందు అమ్మను ఇంటికి తీసుకెళ్లండి" అన్నాడు.

తిరుగు దారంతా వాన. ఆమె నా వీపుకు తల ఆనించి వణుకుతోంది. దారిలో కట్టు కట్టించాను. ఈసారి ఆమె ఏమన్నా వినకుండా గుండె పరీక్ష కూడా చేయించాను. బాగానే ఉందన్నారు. ఇంటికొచ్చి లైటు వేయగానే మా ఇద్దరి కళ్లూ ఒకేచోటికి పోయాయి. ఆ రెండు పిన్నుల ప్లగ్గు బోర్డు పక్కన అలాగే వేలాడుతోంది. ఆమె నన్నేమీ అనలేదు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

తెల్లారి ఎలక్ట్రీషియన్ను పిలుచుకొచ్చాను. బోర్డు మార్చాడు, పంపు కొత్తది వేశాడు. పెరట్లో ఎర్తు గొయ్యి చూసి తల పట్టుకున్నాడు. ఎండకు మట్టి బీటలిచ్చి ఉంది. మట్టి ఎండిపోతే కరెంటుకు దారి ఇవ్వదు. మూడో పిన్ను ఉన్నా సగమే పని చేస్తుందన్నమాట. మళ్లీ తవ్వించి, పైపు దింపి, ఉప్పూ బొగ్గూ వేయించాను. వేసవి పోయేదాకా రోజూ ఒక బకెట్టు నీళ్లు పోయమన్నాడు. ఆ పని నాది. రెండు వేసవులుగా ఒక్క పూట తప్పలేదు.

పిల్లల దగ్గరికి పోదామా అని ఈ ఏడు మార్చిలోనే అడిగాను. ఆమె చాలాసేపు నా ముఖం చూసి, "మేలో పోదాం, పచ్చడి పెట్టినాక" అంది. పచ్చడి పెట్టిందాకా ఆగి బయల్దేరాం.

కూలర్లో నీళ్లు పోసే వేళకు ఇప్పుడు నేనే ముందు పోయి స్విచ్చు కట్టేసి, ప్లగ్గు తీసి, "ఆపాను" అని చెబుతాను. ఆమె వస్తుంది. ప్లగ్గు తీసి ఉందో లేదో వంగి తన కళ్లతో చూసుకుంటుంది. చూసుకున్నాకే బిందె ఎత్తుతుంది.